తాగునీరు కలుషితమైందన్న అనుమానం వస్తే ప్రభుత్వం ఏ క్రమంలో స్పందించాలి?

ప్రభుత్వం సరఫరా చేసే తాగునీరు కలుషితమైందన్న అనుమానం కలిగినప్పుడు అధికారులు ముందుగా ఏం చేయాలి, ల్యాబ్ నివేదిక రాకముందే ప్రజలను హెచ్చరిస్తే అనవసరమైన ఆందోళన రేగదా, హెచ్చరిక ఎత్తివేశాక ఆ నీటిని నిజంగా నమ్మవచ్చా అని మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నీటి శుద్ధి కేంద్రాల నిర్వహణలోనూ, తరువాత ప్రజారోగ్య విభాగంతో సమన్వయం చేసే బాధ్యతల్లోనూ చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. నివేదిక కోసం ఆగకూడదు. అనుమానానికి తగిన ఆధారం దొరికిన గంటల్లోనే హెచ్చరిక వెలువడాలి, ఆ హెచ్చరికను వెలువరించే అధికారం నీటిని సరఫరా చేసేవారి చేతిలో మాత్రమే ఉండకూడదు. ప్రపంచంలో బాగా విచారణ జరిగిన కాలుష్య ఘటనలు ఏవి తీసుకున్నా, ప్రాణనష్టం పెరగడానికి శుద్ధి యంత్రాల లోపం ఎంత కారణమో ఈ రెండు విషయాల్లో జరిగిన జాప్యం కూడా దాదాపు అంతే కారణమని కనిపిస్తుంది.

ఎందుకు ఆగకూడదో తెలియాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో చూడాలి. నీటిలో మలం కలిసిందా అన్నదానికి ఈ.కోలి బ్యాక్టీరియాను సూచికగా తీసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో అది అసలు కనిపించకూడదు. అయితే నమూనాను ఇంక్యుబేటర్‌లో ఉంచి ఆ సూక్ష్మజీవులు పెరిగేదాకా చూస్తే గాని ఫలితం తేలదు, అందుకు సాధారణంగా 18 నుంచి 24 గంటలు పడుతుంది. నమూనా తీయడానికి, ల్యాబ్‌కు చేర్చడానికి పట్టే సమయాన్ని, మధ్యలో వచ్చే సెలవులను కలుపుకుంటే, నివేదిక చేతికి వచ్చేసరికి అది వివరించే నీటిని జనం ఎప్పుడో తాగేసి ఉంటారు. పైగా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు ఈ పరీక్షలో బయటపడవు. అందువల్ల అనుభవమున్న అధికారి ముందుగా కనిపించే గుర్తులనే నమ్ముతాడు. కుళాయి దగ్గర అవశేష క్లోరిన్ (శుద్ధి తరువాత కూడా నీటిలో మిగిలి ఉండే క్లోరిన్) లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తగ్గిపోవడం, ఫిల్టర్ల నుంచి వచ్చే నీటిలో మడ్డి పెరగడం, ప్రధాన పైపు పగిలి ప్రెషర్ పడిపోవడం, భారీ వర్షం తరువాత బోరు నీటి రంగు మారడం, ఒకే ట్యాంకు పరిధిలోని ఇళ్ల నుంచి వాంతులు, విరేచనాల కేసులు ఆసుపత్రులకు రావడం అలాంటి గుర్తులు. క్లోరిన్ పరీక్ష కొన్ని నిమిషాల్లో పూర్తవుతుంది. క్లోరిన్ లేదని తేలి, రోగులు కూడా కనిపిస్తుంటే, కాచి చల్లార్చిన నీటినే తాగమని ప్రకటించడానికి ఇంకేమీ అక్కరలేదు.

ఈ విషయాన్ని కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి చెందిన వాకర్టన్ పట్టణం కంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అక్కడి జనాభా సుమారు 5,000. 2000 మే నెలలో కురిసిన భారీ వర్షాలకు పశువుల పేడ నుంచి వచ్చిన సూక్ష్మజీవులు ఐదవ నంబరు బావిలోకి చేరాయి. క్లోరిన్‌ను చాలినంత కలపకపోవడంతో ప్రమాదకరమైన ఈ.కోలి ఓ157:హెచ్7, దానితోపాటు కాంపిలోబాక్టర్ అనే మరో బ్యాక్టీరియా ఇళ్లలోకి వెళ్లాయి. నీరు కలుషితమైందని ల్యాబ్ మే 17న నీటి సంస్థ మేనేజరుకు తెలియజేసింది. స్థానిక ఆరోగ్య విభాగం అధికారులు రోగులను చూసి 19వ తేదీన ఆరా తీసినప్పుడు, నీరు బాగానే ఉందని ఆ సంస్థ బదులిచ్చింది. చివరికి ఆరోగ్య విభాగం ఆ మాటను పక్కనబెట్టి, తన సొంత పరీక్షల ఫలితాలు ఇంకా రాకముందే, మే 21న కాచి తాగమని హెచ్చరిక జారీ చేసింది. ఫలితాలు వచ్చి అనుమానం నిజమని తేలింది 23న. ఏడుగురు మరణించారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ఆ ఆరోగ్య విభాగం కూడా నివేదిక వచ్చేదాకా ఆగి ఉంటే మరో రెండు రోజులపాటు ఊరంతా అదే నీరు తాగి ఉండేది.

ఆ ఘటనపై విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్ నివేదికను ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలని నేను చెబుతుంటాను. సిబ్బంది ఏళ్ల తరబడి క్లోరిన్‌ను కొలవకుండానే రిజిస్టరులో 0.5 అనో 0.75 అనో రాసిపెట్టేవారని అందులో తేలింది. (వాస్తవమైన కొలతలు రోజుకో రకంగా ఉంటాయి. ఏడాది పొడవునా ఒకే అంకె కనిపించే రిజిస్టరును చూస్తే తనిఖీ అధికారికి వెంటనే అనుమానం రావాలి.) ఆ బావి దగ్గర క్లోరిన్‌ను, మడ్డిని నిరంతరం కొలిచే పరికరాలు ఉండి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని విచారణ నిర్ధారించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ప్రభుత్వ స్థాయిలో ఉంది. 1996లో ఒంటారియో ప్రభుత్వం నీటి పరీక్షలను ప్రైవేటు ల్యాబ్‌లకు వదిలిపెట్టింది కాని, చెడు ఫలితం వస్తే ఆరోగ్య అధికారికి నేరుగా చెప్పి తీరాలన్న చట్టబద్ధమైన నిబంధన పెట్టలేదు. ల్యాబ్ తన ఖాతాదారైన నీటి సంస్థకే ఫలితం పంపింది, ఆ సంస్థ దానిని దాచింది. ఒక మేనేజరు అబద్ధం ఆడితే ఊరంతా ప్రమాదంలో పడేలా వ్యవస్థను నిర్మించినది ప్రభుత్వమే కాబట్టి, ఇందులో ఆ ఇద్దరు ముగ్గురు సిబ్బందినే దోషులుగా చూడటం సరిపోదు. ఘటన తరువాత తెచ్చిన నిబంధనలు, 2002లో వచ్చిన సురక్షిత తాగునీటి చట్టం ఆ లోపాన్ని సరిదిద్దాయి. ఇప్పుడు అక్కడి ల్యాబ్‌లు చెడు ఫలితాన్ని ఆరోగ్య అధికారికీ, ప్రభుత్వానికీ వెంటనే తెలియజేయాలి.

ఇక ఆందోళన గురించి. ఈ వాదన చాలా పాతది, దాని వెనుక తరచుగా వేరే ప్రయోజనం దాగి ఉంటుంది. 1892 ఆగస్టులో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా మొదలైనప్పుడు, వ్యాపారం, ఓడల రాకపోకలు దెబ్బతింటాయన్న భయంతో నగర పాలకులు చాలా రోజులు ఆ సంగతిని బయటపెట్టలేదు. ఎల్బే నది నీటిని వడకట్టకుండా పంపిణీ చేస్తున్న ఆ నగరంలో 8,000 మందికి పైగా మరణించారు. అదే నది నీటిని ఇసుక ఫిల్టర్లలో వడకట్టి ఇస్తున్న పక్క ఊరు ఆల్టోనాలో నష్టం చాలా స్వల్పం. ఇంగ్లండ్‌లోని కామెల్‌ఫర్డ్ పరిసరాల్లో 1988 జులై 6న ఒక ట్యాంకరు డ్రైవరు నీటి శుద్ధికి వాడే అల్యూమినియం సల్ఫేట్‌ను 20 టన్నులు పొరపాటున తాగునీటి ట్యాంకులో పోసినప్పుడు కూడా ఇలాగే జరిగింది. నీరు సురక్షితమేనని చెబుతూ వచ్చిన నీటి సంస్థ అసలు కారణాన్ని ప్రజలకు తెలియజేయడానికి రెండు వారాలకు పైగా పట్టింది. డ్రైవరు చేసిన పొరపాటు ఒక్క రోజుతో ముగిసిపోయింది, ఆ మౌనం వల్ల పుట్టిన అపనమ్మకం మాత్రం దశాబ్దాలపాటు కొనసాగింది.

అబద్ధపు హెచ్చరికకు మూల్యం లేదని నేను అనడం లేదు. నెలకోసారి ఉత్తిపుణ్యానికి హెచ్చరిస్తే నాలుగోసారి ఎవరూ పట్టించుకోరు. అయినా లెక్క వేసి చూడండి. కాచి తాగమన్న హెచ్చరిక తరువాత తప్పని తేలితే జనానికి రెండు రోజుల వంటచెరకు, కొంత చికాకు, అధికారికి కొన్ని విమర్శలు మిగులుతాయి. రావలసిన హెచ్చరిక రాకపోతే పసిపిల్లలు, వృద్ధులు, కిడ్నీ రోగులు దాని ఫలితాన్ని అనుభవిస్తారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచకూడదు.

హెచ్చరిక త్వరగా రావడం ఎంత ముఖ్యమో అందులో ఏం చెప్పాలన్నదీ అంతే ముఖ్యం. దీనిలో మూడు రకాలున్నాయి, వాటిని కలగాపులగం చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. సూక్ష్మజీవుల కాలుష్యమైతే నీటిని బాగా కళపెళా మరిగించి, చల్లార్చి తాగమని చెబుతారు. రసాయనాలైతే మరిగించడం పనికిరాదు. నైట్రేట్, సీసం, ఆర్సెనిక్ వంటివి మరిగినా పోవు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో వాటి గాఢత ఇంకా పెరుగుతుంది. అప్పుడు తాగవద్దు, వంటకు వాడవద్దు అని చెప్పాలి. చర్మానికి తగిలినా, ఆవిరి పీల్చినా హాని కలిగించే పదార్థమైతే ఆ నీటిని దేనికీ వాడవద్దని చెప్పాలి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడో నగరంలో ఈరీ సరస్సు నీటిలో పెరిగిన నాచువంటి సూక్ష్మజీవుల నుంచి మైక్రోసిస్టిన్ అనే విషం కుళాయి నీటిలోకి వచ్చినప్పుడు, సుమారు నాలుగు లక్షల మందికి ఇచ్చిన హెచ్చరికలో తాగవద్దు అన్న మాటతోపాటు మరిగించవద్దు అని కూడా స్పష్టంగా రాశారు. నీటి హెచ్చరిక అనగానే పొయ్యి మీద గిన్నె పెట్టడం అందరికీ అలవాటు కాబట్టి ఆ రెండో మాట చాలా అవసరమైంది.

అదే ఏడాది జనవరిలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని చార్ల్స్‌టన్ దగ్గర ఎల్క్ నదిలోకి బొగ్గు శుద్ధికి వాడే ఎంసీహెచ్ఎమ్ అనే రసాయనం కారింది. దాదాపు 3 లక్షల మందికి ఆ నీటిని దేనికీ వాడవద్దని చెప్పారు. ఆ పదార్థం మనుషుల మీద ఎలా పనిచేస్తుందో సరైన సమాచారం ఎవరి దగ్గరా లేదు. అయినా అధికారులు ఒక పరిమితి నిర్ణయించి, నీరు దాని లోపలే ఉందంటూ ప్రాంతాల వారీగా అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే గర్భిణులు మాత్రం వేరే నీరు తాగడం మంచిదని మరో సలహా వెలువడింది. మొదటి ప్రకటన విని అప్పటికే ఆ నీరు తాగిన గర్భిణి స్థానంలో నిలబడి ఆలోచిస్తే ఆ తరువాతి ప్రకటనలను జనం ఎందుకు నమ్మలేదో అర్థమవుతుంది. తెలియని విషయాన్ని తెలియదని మొదటి ప్రకటనలోనే ఒప్పుకొని, బలహీనులకు మొదటి నుంచే ఎక్కువ జాగ్రత్త చెప్పడం ప్రభుత్వానికి పరువు తక్కువేమీ కాదు.

హెచ్చరిక ఎలా చేరుతుందన్నది కూడా ఉంది. వాకర్టన్‌లో మొదట స్థానిక రేడియో మీదే ఎక్కువగా ఆధారపడ్డారు, చాలామందికి ఆ రోజు సంగతే తెలియలేదు. మైకులు, ఇంటింటికీ సిబ్బంది, ఫోన్ సందేశాలు, బడులు, ప్రార్థనా స్థలాలు అన్నింటినీ వాడాలి. ఆసుపత్రులకు, డయాలసిస్ కేంద్రాలకు, వృద్ధాశ్రమాలకు, హోటళ్లకు విడిగా ఫోన్ చేయాలి. ప్రత్యామ్నాయ నీటి విషయంలో చెప్పేది తక్కువే. హెచ్చరికతోపాటే ట్యాంకర్లు కదలాలి, ట్యాంకరు నీటిలో క్లోరిన్ చూసిన తరువాతే పంచాలి, నడవలేనివారి ఇంటికి ఎవరో ఒకరు తీసుకెళ్లి ఇవ్వాలి. తాగవద్దని మాత్రమే చెప్పి వేరే నీరు చూపించని ఆదేశాన్ని బీదవారు పాటించలేరు.

ల్యాబ్ బయట కనిపించే గుర్తుల గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వాలు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. 1993 వసంతంలో అమెరికాలోని మిల్వాకీలో సుమారు 4,03,000 మంది జబ్బుపడ్డారని అంచనా వేశారు. కారణమైన క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో మడ్డి పెరిగినా అది అప్పటి నిబంధనల పరిమితిలోనే ఉంది కాబట్టి కాగితం మీద ఆ నీరు మంచినీరే. బడికి, పనికి రానివారి సంఖ్య పెరగడం, మందుల దుకాణాల్లో విరేచనాల మందులు అయిపోవడం ద్వారా జబ్బు సంగతి ముందుగా బయటపడింది. ఏప్రిల్ 7న హెచ్చరిక వచ్చింది. నీటి విభాగం దగ్గరకు వచ్చే ఫిర్యాదులు, మందుల దుకాణాల అమ్మకాలు, ఆసుపత్రుల ఓపీ లెక్కలు ఒకే చోట, ఒకే మ్యాపు మీద చూసేవాడు ఒకడు ఉండాలి. చాలా ప్రభుత్వాల్లో ఈ మూడూ మూడు శాఖల బల్లల మీద విడివిడిగా పడి ఉంటాయి.

సూక్ష్మజీవుల కాలుష్యం రోజుల్లో బయటపడితే సీసం, ఆర్సెనిక్ వంటివి ఏళ్లపాటు కనిపించకుండా ఉంటాయి. రోగులు వరుసకట్టి రారు కాబట్టి ప్రభుత్వానికి అంకెల వెనుక దాక్కునే అవకాశం దొరుకుతుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరం ఇందుకు పాఠ్యగ్రంథం లాంటిది. మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి పాలనలో ఉన్న ఆ నగరం, ఖర్చు తగ్గించుకునేందుకు 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీటిని వదిలి ఫ్లింట్ నది నీటికి మారింది. పైపులు తినివేయబడకుండా కలపవలసిన రసాయనాన్ని కలపలేదు. పాత సీసపు పైపుల నుంచి సీసం నీటిలో కలిసింది. అక్టోబరులోనే జనరల్ మోటార్స్ కర్మాగారం తన ఇంజను భాగాలు తుప్పుపడుతున్నాయని ఆ నీటిని వాడటం మానేసింది. ఇనుమును తినేస్తున్న నీటిని పిల్లలు తాగవచ్చా అన్న ప్రశ్న ఆ రోజే ఏదో ఒక కార్యాలయంలో తలెత్తి ఉండవలసింది. 2015లో అధికారిక నమూనాల్లో రెండింటిని లెక్కలోంచి తీసేయడంతో, సీసం స్థాయి లీటరుకు 18 మైక్రోగ్రాముల నుంచి 11కు తగ్గినట్టు తేలింది. చర్య తీసుకోవలసిన పరిమితి 15. నీరు ఏమాత్రం మారలేదు, నివేదిక మాత్రం మారింది. పిల్లల డాక్టరు మోనా హన్నా అటీషా పిల్లల రక్తంలో సీసం పెరిగిందని అదే ఏడాది సెప్టెంబరులో వెల్లడించినప్పుడు రాష్ట్ర అధికారులు మొదట ఆమె లెక్కలనే తప్పుపట్టారు. కొద్ది రోజుల్లో ఒప్పుకోక తప్పలేదు. అక్టోబరులో నగరం తిరిగి డెట్రాయిట్ నీటికి మారింది.

తరువాతి మరమ్మతుల్లో కూడా తేడా కనిపిస్తుంది. ఫ్లింట్‌లో సీసపు పైపులను మూడేళ్లలో మారుస్తామని 2017లో కోర్టు ముందు కుదిరిన ఒప్పందం అమలు 2025 దాకా సాగింది. న్యూజెర్సీలోని నెవార్క్ నగరం కూడా మొదట సమస్యను తక్కువ చేసి చూపింది, పంచిన ఫిల్టర్లపై 2019లో సందేహం వచ్చేసరికి సీసా నీళ్లు పంచవలసి వచ్చింది. అయితే ఆ తరువాత నగరం ఇంటి యజమాని అనుమతి కోసం ఎదురుచూడకుండా, అతని నుంచి డబ్బు తీసుకోకుండా పైపు మార్చేందుకు వీలుగా స్థానిక చట్టం చేసి, 23,000కు పైగా పైపులను దాదాపు మూడేళ్లలో మార్చింది. అద్దెకుండేవారు ఎక్కువగా ఉన్న నగరంలో యజమాని సంతకం కోసం తిరగడమే పనికి పెద్ద అడ్డంకి అని వారు గుర్తించారు. నిధుల కొరత గురించి మాట్లాడే అధికారులకు నేను ఈ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే అక్కడ డబ్బుతోపాటు నిబంధన మార్పు కూడా పనిని ముందుకు నడిపించింది.

బంగ్లాదేశ్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. చెరువుల నీటితో వచ్చే విరేచనాల నుంచి కాపాడేందుకు 1970ల నుంచి ప్రభుత్వం, యూనిసెఫ్ ప్రోత్సహించిన గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు 1990లలో బయటపడింది. దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, పరిమితి దాటిన పంపులకు ఎరుపు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఇంత పెద్ద ఎత్తున సమాచారం ఇచ్చిన ప్రభుత్వాలు అరుదు. కాని నడిచి వెళ్లగల దూరంలో ఆకుపచ్చ పంపు ఉన్నచోట ఆ రంగు పనిచేసింది, లేనిచోట ఆడవాళ్లు ఎర్ర పంపు దగ్గరే నీళ్లు పట్టుకున్నారు. రంగు వెలిసిపోయింది, కొత్తగా తవ్విన బావులను పరీక్షించేవారు లేరు. ఒకసారి చేసి వదిలేసే సర్వే వల్ల కాలం గడిచే కొద్దీ ప్రజలకు తప్పుడు ధీమా మిగులుతుంది.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. హెచ్చరికను ఎప్పుడు ఎత్తివేయాలన్నదానికి నేను చూసే గుర్తులు ఇవి. కాలుష్యం ఎలా వచ్చిందో తెలిసి ఉండాలి, ఆ దారి మూసి ఉండాలి, పైపులైన్లను చివరి కుళాయిదాకా ఫ్లష్ చేసి ఉండాలి, ఆ చివరి కుళాయిల దగ్గర క్లోరిన్ నిలబడి ఉండాలి, కనీసం ఒక రోజు వ్యవధితో తీసిన రెండు విడతల నమూనాలు శుభ్రంగా రావాలి. శుద్ధి కేంద్రం గేటు దగ్గర తీసిన నమూనాతో ఊరి చివరి వీధి గురించి హామీ ఇవ్వలేము. కారణం తెలియకుండా, బ్లీచింగ్ పౌడరు ఎక్కువ వేయడం వల్ల మాత్రమే నివేదికలు బాగుపడితే, ఆ మోతాదు తగ్గించిన రోజున కాలుష్యం మళ్లీ వస్తుంది. వాకర్టన్‌లో హెచ్చరిక మే నుంచి డిసెంబరు వరకు కొనసాగింది. అంతకాలం అక్కడి జనం ఓపిక పట్టడానికి కారణం, ఈసారి తమకు ప్రతి దశలో ఏం జరుగుతోందో చెబుతుండటమే అని నా నమ్మకం. ఎత్తివేత ప్రకటనతోపాటు ఇంట్లోని ట్యాంకును ఎలా కడగాలో, కుళాయిని ఎంతసేపు వదలాలో, ఫ్రిజ్‌లోని మంచును, ఫిల్టరు కార్ట్రిడ్జ్‌ను పారేయాలని కూడా చెప్పాలి.

విచారణ గురించి ఒక మాట. ఘటన జరిగిన మూడో రోజున కింది స్థాయి ఉద్యోగి ఒకరిని సస్పెండ్ చేసి ఫైలు మూసేసే ప్రభుత్వం ఏమీ నేర్చుకోదు. న్యూజీలాండ్‌లోని హావ్‌లాక్ నార్త్ పట్టణంలో 2016 ఆగస్టులో, భారీ వర్షం తరువాత గొర్రెల పెంట నుంచి వచ్చిన కాంపిలోబాక్టర్, క్లోరిన్ కలపని బోరు నీటిలో చేరి వేలమందిని మంచాన పడేసింది. నలుగురి మరణాలకు దానితో సంబంధం ఉందని తేలింది. 1998లోనే అదే ప్రాంతపు బోర్లలో ఇలాంటి ఘటన జరిగినా దాని నుంచి పాఠం నేర్చుకోలేదని విచారణలో బయటపడింది. ఈసారి ప్రభుత్వం ఆ ఊరితో ఆగలేదు. దేశమంతటా నీటి సరఫరాను పర్యవేక్షించేందుకు తౌమాతా అరోవై అనే ప్రత్యేక నియంత్రణ సంస్థను నెలకొల్పి, 2021లో కొత్త చట్టం తెచ్చింది.

మీ ప్రాంతంలో పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవాలనుకుంటే, అధికారులను నీరు బాగుందా అని అడగకండి, బాగుందనే సమాధానం వస్తుంది. పరీక్షలో చెడు ఫలితం వస్తే ల్యాబ్ నేరుగా ఎవరికి ఫోన్ చేస్తుంది, ఆ ఫోన్ అర్ధరాత్రి వస్తే హెచ్చరిక జారీ చేసే అధికారం ఎవరికి ఉంది, ఆ వ్యక్తి సెలవులో ఉంటే ఇంకెవరికి ఉంది, గత ఏడాది చివరి కుళాయిల దగ్గర నమోదైన క్లోరిన్ అంకెలను చూపించగలరా అని రాతపూర్వకంగా అడగండి. మొదటి మూడు ప్రశ్నలకు పేరు, హోదా, ఫోన్ నంబరుతో వెంటనే సమాధానం రాకపోతే, ఆ అధికారిని ముందుగానే నియమించి ఉత్తర్వు ఇవ్వాలని మీ ప్రజాప్రతినిధికి వినతిపత్రం పంపండి. ఆ ఉత్తర్వుకు పెద్దగా ఖర్చు కాదు, కొత్త యంత్రాలూ అక్కరలేదు.